పిల్లల గురక: తెల్లవారుజామున ఏం చూడాలి, ఆ తర్వాత ఏం చేయాలి

"ఆడి ఆడి అలసిపోయాడు, ఎలా ఆదమరిచి గురక పెడుతున్నాడో చూడండి" అని ముచ్చటపడే ఇళ్లు బోలెడు. పిల్లల్లో గురక గాఢనిద్రకు గుర్తు కాదు. గాలి వెళ్లే దారి ఇరుకైందని చెప్పే చప్పుడు అది. జలుబు చేసిన నాలుగు రోజులూ గురక వచ్చి, జలుబుతో పాటే పోతే దాని గురించి బెంగపడనక్కర్లేదు. జలుబు లేకుండానే వారంలో మూడు రాత్రులు, అంతకన్నా ఎక్కువ వినిపిస్తుంటే మాత్రం డాక్టర్‌కు చెప్పాల్సిందే. అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ 2012లో ఇచ్చిన సూచనల్లో కూడా ఈ మూడు రాత్రుల లెక్కే ఉంది.

గురక పెట్టే పిల్లలందరికీ జబ్బు ఉండదు. మొత్తం పిల్లల్లో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా నిద్రలో శ్వాసదారి పదేపదే మూసుకుపోతుంటుంది. దాన్నే స్లీప్ ఆప్నియా అంటారు. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. గొంతుకు రెండు పక్కలా ఉండే టాన్సిల్స్, ముక్కు వెనకాల అంగిలికి పైన దాగి ఉండే అడినాయిడ్స్ ఆ వయసులోనే బాగా పెరుగుతాయి. గొంతు మాత్రం ఇంకా చిన్నదే. మెలకువగా ఉన్నంతసేపూ కండరాలు ఆ ఇరుకు దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్రపట్టాక అవి వదులవుతాయి, దారి మూసుకుంటుంది. ఊపిరి అందకపోయేసరికి మెదడు పిల్లాణ్ని క్షణంపాటు లేపి గాలి పీల్పిస్తుంది. పొద్దున లేచాక వాడికి అదేమీ గుర్తుండదు. గంటకు ఐదుసార్లో పదిసార్లో ఇలా జరిగితే పది గంటలు పడుకున్నా నిద్ర చాలదు.

పెద్దవాళ్ల గురకను చూసిన కళ్లతో పిల్లల గురకను చూస్తే మోసపోతాం. రాత్రి లక్షణాలు వేరు, పగటి లక్షణాలు వేరు, రిపోర్టులో అంకెల అర్థం వేరు, చికిత్స కూడా వేరు.

ఫోన్‌తో మూడు నిమిషాల వీడియో

తొమ్మిదింటికి పడుకోబెట్టి పదింటికి తొంగిచూస్తే చాలామంది పిల్లలు హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తారు. కలలు వచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. కండరాలు పూర్తిగా వదులయ్యేది ఆ నిద్రలోనే కాబట్టి శ్వాస ఆగడాలు కూడా అప్పుడే ఎక్కువవుతాయి. అందుకని అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య లేవండి.

కూలర్‌ను ఐదు నిమిషాలు ఆపండి, లేకపోతే ఆ హోరులో గురక రికార్డు కాదు. దుప్పటి తీసి, చొక్కా గుండీలు విప్పి, ఛాతీ, పొట్ట కనిపించేలా చేయండి. చిన్న బెడ్ లైటు చాలకపోతే ఇంకొకరి ఫోన్ టార్చిని గోడ మీదికి కొట్టండి, మొహం మీద వేస్తే లేచిపోతాడు. ఫోన్‌ను పక్క నుంచి పట్టుకుని నోటి దగ్గర నుంచి బొడ్డు దాకా ఒకే ఫ్రేములో ఉంచండి. మూడు నిమిషాలు, కదపకుండా. పిల్లాణ్ని సర్దకండి, తల కింద దిండు మార్చకండి. ఎలా పడుకున్నాడో అలాగే రావాలి. మూడు వేర్వేరు రాత్రులు తీస్తే మంచిది. జలుబు ఉన్న రాత్రి తీసినదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు ఆ వీడియోలో ఏం వెతకాలో చూద్దాం. గురక, గురక, గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఛాతీ, పొట్ట ఇంకా కష్టపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం వెళ్లదు. తర్వాత ఒక్క ఉదుటున గుర్రుమనో, ఉలిక్కిపడ్డట్టో ఊపిరి అందుకుంటాడు, పక్కకు పొర్లుతాడు, మళ్లీ గురక మొదలవుతుంది. ఈ వరుస కనబడితే అనుమానం చాలా బలమైనదే. నిశ్శబ్దంలో ఛాతీ కూడా కదలకుండా ఉంటే అది ఇంకో రకం. ఆ తేడాను డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అక్కడ కారణం గొంతులో కాకుండా మెదడు పంపే సంకేతంలో ఉండొచ్చు.

శ్వాస పూర్తిగా ఆగకపోయినా జబ్బు ఉండొచ్చు. కొంతమంది పిల్లలకు దారి సగం మూసుకుని గంటల తరబడి అలాగే ఉంటుంది. వాళ్లలో నిశ్శబ్దం రాదు, డొక్కలు ఎగరేయడం మాత్రం ఆగదు. పక్కటెముకల మధ్య, మెడ కింద గుంట దగ్గర చర్మం లోపలికి పీక్కుపోతుంటుంది. పొట్ట పైకి లేచేటప్పుడు ఛాతీ లోపలికి పోతుందేమో చూడండి. మూడేళ్లలోపు పిల్లల్లో కలల నిద్రలో ఇది మామూలుగానే కనిపించొచ్చు. మూడు దాటిన పిల్లల్లో కనిపిస్తే శ్వాసదారి అడ్డుపడుతోందనే అర్థం చేసుకోవాలి.

పడుకున్న తీరు కూడా మాట్లాడుతుంది. మెడను బాగా వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తి పడుకోవడం, బోర్లా పడుకుని మోకాళ్లు ముడుచుకుని పిర్రలు పైకి లేపడం, రెండు దిండ్లు పేర్చుకుని కూర్చున్నట్టు నిద్రపోవడం, ఇవన్నీ గాలి దారి తెరుచుకోవడానికి శరీరం తానే వెతుక్కున్న ఉపాయాలు. మంచు పడే సంక్రాంతి రోజుల్లో కూడా దిండు చెమటతో తడిసిపోతుంటే అదీ ఒక గుర్తే. ఊపిరి కోసం రాత్రంతా పనిచేసిన ఒంటికి చెమట పట్టదా మరి?

పగలు కనిపించేవి

నిద్ర చాలని పెద్దవాళ్లు కూర్చున్న చోటే కునుకు తీస్తారు. పిల్లలు చాలాసార్లు దానికి తలకిందులుగా చేస్తారు: కుదురుగా కూర్చోరు, చిన్నదానికే ఏడుస్తారు, విసుక్కుంటారు, క్లాసులో చెప్పింది బుర్రకెక్కదు. "అల్లరి పిల్లాడు", "శ్రద్ధ లేదు" అనే ముద్ర ఇక్కడే పడుతుంది. టీచర్ నుంచి ఇలాంటి ఫిర్యాదు వచ్చిన పిల్లాడికి గురక కూడా ఉంటే, ముందు నిద్ర సంగతి తేల్చుకుని తర్వాతే మిగతావాటి జోలికి వెళ్లండి.

ఇంకా చూడాల్సినవి: పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలు కూడా నోరు తెరుచుకునే ఉండటం, ముక్కుతో మాట్లాడినట్టుండే గొంతు, మాంసం ముక్క, అన్నం ముద్ద మింగడానికి ఇబ్బంది, కళ్ల కింద నల్లని నీడ. ఆరు నెలలకు పైగా పక్క తడపకుండా ఉన్న పిల్లాడు మళ్లీ తడపడం మొదలుపెడితే సిగ్గు తెచ్చేలా మందలించకండి. శ్వాస అడ్డుపడినప్పుడు గుండె మీద పడే ఒత్తిడి వల్ల మూత్రం ఎక్కువగా తయారయ్యే హార్మోను విడుదలవుతుంది. వాడి తప్పు అందులో లేదు. ఎత్తు, బరువు పెరగకపోవడం కూడా చూస్తాం. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే, ఆ నిద్రే ముక్కలవుతోంది.

అయితే ఒక సంగతి ముందే సరిచూసుకోండి. అసలు పడుకునే గంటలే తక్కువైతే ఈ పగటి లక్షణాల్లో సగం వాటంతట అవే వస్తాయి. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, ఆపైన పద్దెనిమిదేళ్ల దాకా 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలి. రాత్రి స్టడీ అవర్, తెల్లవారకముందే మళ్లీ స్టడీ అవర్ పెట్టే విద్యాసంస్థలు మన విజయవాడ, గుంటూరు చుట్టూ తక్కువేం కాదు. అక్కడ చదివే పిల్లాడు పగలు తూగితే దానికి టాన్సిల్స్‌ను తప్పుపట్టలేం. రెసిడెన్షియల్ స్కూల్లో ఉన్న పిల్లల విషయంలో ఇంకో చిక్కు, రాత్రిపూట వాళ్లను చూసేవాళ్లు ఉండరు. పక్క మంచం పిల్లల్ని అడగండి, "మావాడు గురక పెడతాడా? మధ్యలో ఆగి ఉలిక్కిపడతాడా?" అని. వాళ్ల జవాబు వార్డెన్ జవాబు కన్నా నమ్మదగింది. సెలవులకు ఇంటికొచ్చిన మొదటి వారంలోనే వీడియో తీసిపెట్టుకోండి.

డాక్టర్ దగ్గర

ముందు పిల్లల డాక్టర్, ఆ తర్వాత ఈఎన్‌టీ. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఈ రెండు విభాగాలూ ఉన్నాయి. వీడియోలు, ఎత్తు బరువుల చీటీ, వాడిన మందుల పేర్లు తీసుకెళ్లండి. "గురక పెడతాడండీ" అని ఒక్క ముక్కతో ఆపేయకుండా, వారంలో ఎన్ని రాత్రులు, ఎన్ని నెలలుగా, మధ్యలో ఆగుతుందా, ఎలా పడుకుంటాడు అనే నాలుగూ చెప్పండి.

నోరు తెరిపించి చూస్తే టాన్సిల్స్ కనిపిస్తాయి. వాటికి 1 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తారు. గొంతు వెడల్పులో పావు వంతులోపు ఆక్రమిస్తే 1, సగం దాకా 2, మూడు వంతుల దాకా 3, అంతకు మించి ఒకదాన్నొకటి తాకేలా ఉంటే 4. అయితే టాన్సిల్ సైజుకూ జబ్బు తీవ్రతకూ ఎప్పుడూ పొంతన కుదరదు. గ్రేడ్ 2 ఉన్నా అడినాయిడ్స్ ముక్కు వెనక దారిని మూసేసి ఉండొచ్చు. అడినాయిడ్స్ టార్చికి కనపడవు. మెడను పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలోనో, ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పెట్టి చూస్తేనో తెలుస్తాయి. "టాన్సిల్స్ చిన్నవే, ఏం లేదు" అని పంపించేస్తే, అడినాయిడ్స్ చూశారా అని అడగండి.

డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉన్న పిల్లలకు లక్షణాలు ఉన్నా లేకపోయినా నాలుగేళ్లు నిండేలోపు నిద్ర పరీక్ష చేయించాలని పిల్లల వైద్యుల సూచన. అంగిలి చీలిక సరిచేయించుకున్నవాళ్లు, దవడ బాగా చిన్నగా ఉన్నవాళ్లు, కండరాల జబ్బులున్నవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు కూడా ముందువరసలోనే ఉంటారు.

స్లీప్ స్టడీ (నిద్ర పరీక్ష): అంకెలు ఎలా చదవాలి

రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు స్టిక్కర్లు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకీ పొట్టకూ రెండు బెల్టులు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఆ రోజు తలంటు పోసి ఆరబెట్టండి, నూనె మాత్రం రాయకండి, స్టిక్కర్లు అంటవు. గోళ్లకు రంగుంటే తీసేయండి. ఎప్పుడూ పట్టుకుని పడుకునే బొమ్మనో దుప్పటినో వెంట తీసుకెళ్లండి. నిద్రమందు వేసి చేస్తామంటే ఎందుకని అడగండి, ఆ మందే శ్వాసను మార్చేస్తుంది.

బుక్ చేసుకునే ముందు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు వేయండి. పిల్లలకు చేసిన అనుభవం ఉందా? రాత్రంతా టెక్నీషియన్ మేలుకుని చూస్తారా? అమ్మో నాన్నో పక్కన పడుకోవచ్చా? రిపోర్టు పిల్లల లెక్క ప్రకారం ఇస్తారా? ఈ నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. పెద్దవాళ్లలో 10 సెకన్లు ఆగితేనే ఒక ఆప్నియా అంటారు. పిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి రెండు శ్వాసలు తప్పితే చాలు, లెక్కలోకి వస్తుంది. రిపోర్టులో ఏహెచ్‌ఐ అనే అంకె ఉంటుంది. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో చెప్పేది అదే. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు. పిల్లల్లో 1 దాటితే చాలు, మామూలు కాదు. 1 నుంచి 5 దాకా తేలిక, 5 నుంచి 10 దాకా మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. ఏడేళ్ల పాపకు 4 వచ్చిందనుకోండి, పెద్దల కొలతతో రాసిన రిపోర్టు "నార్మల్" అంటుంది. ఆ పాపకు జబ్బు ఉంది. అందుకే కింద రాసిన తీర్పు ఒక్కటే చదివి ఊరుకోకుండా అంకెను చూడండి.

వేలికి పెట్టుకునే మామూలు ఆక్సీమీటర్ కొని రాత్రి రెండుసార్లు చూసి "97 ఉంది, పర్లేదు" అనుకోవడం పొరపాటు. పెద్దవాళ్ల క్లిప్పు చిన్న వేళ్లకు సరిగా పట్టదు. పైగా ఆక్సిజన్ పడిపోకముందే మెదడు లేపేసే పిల్లలున్నారు. వాళ్లకు నిద్ర చెడుతుంది, అంకె చెడదు. ఇంట్లో పెట్టుకునే స్లీప్ టెస్ట్ కిట్లు పెద్దవాళ్లకు ఉద్దేశించినవి. పిల్లల విషయంలో వాటితో జబ్బు నిర్ధారణ చేయకూడదు.

అందరికీ ఈ పరీక్ష తప్పనిసరా? కాదు. ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న ఐదేళ్ల పిల్లాడు, పెద్ద టాన్సిల్స్, వీడియోలో స్పష్టంగా శ్వాస ఆగడం, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోతే చాలామంది ఈఎన్‌టీ డాక్టర్లు నేరుగా ఆపరేషన్‌కు వెళ్తారు. అది తప్పేమీ కాదు. రెండేళ్లలోపు వాళ్లకు, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, మొహం ఎముకల తేడాలు, కండరాల జబ్బు, సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్నవాళ్లకు, చెప్పే లక్షణాలకూ కనిపించే గొంతుకూ పొంతన లేనివాళ్లకు మాత్రం పరీక్ష చేశాకే కత్తి పట్టాలి.

ఆపరేషన్ లేకుండా ఎంతవరకు

తేలిక రకంలో ముందు ముక్కును సరిచేసి చూడొచ్చు. డాక్టర్ రాస్తే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే వాడతారు. మొమెటసోన్ అయితే రెండు నుంచి పదకొండేళ్ల వాళ్లకు రోజుకు ఒకసారి, ఒక్కో ముక్కులో ఒక్క స్ప్రే. ఫలితం నాలుగు రోజుల్లో రాదు, ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారం వాడి మానేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. కొట్టే పద్ధతి కూడా ముఖ్యం. ముందు సెలైన్ చుక్కలతో ముక్కు శుభ్రం చేయండి. తల కొద్దిగా ముందుకు వంచి, స్ప్రే మొనను ముక్కు మధ్య గోడ వైపు కాకుండా అదే వైపు చెవి దిశగా తిప్పి కొట్టండి. పిల్లాడే కొట్టుకుంటే కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో అని నేర్పండి, కోణం దానంతటదే సరిపోతుంది. గట్టిగా ఎగపీల్చనివ్వకండి, మందు గొంతులోకి పోతుంది. మధ్య గోడకు కొడితే ముక్కులోంచి రక్తం వస్తుంది.

దీంతోపాటు మాంటెలుకాస్ట్ అనే అలర్జీ మందు రాసినప్పుడు పీడకలలు, చిరాకు, దిగులు, స్వభావంలో మార్పు వస్తాయేమో గమనించండి. అలా కనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. అమెరికా ఔషధ సంస్థ 2020లో దీని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది.

ఇంట్లో పొగ ఏదైనా అడినాయిడ్స్‌ను, ముక్కును వాపెక్కిస్తుంది. దోమల కాయిల్, అగరొత్తులు, పసిపిల్లలకు స్నానం చేయించాక వేసే సాంబ్రాణి, సిగరెట్ అన్నీ ఆ గదిలోంచి బయటికి పోవాలి. దోమతెర కట్టండి. మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టించే రోజుల్లో, ముఖ్యంగా గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో ఉండేవాళ్లు, పిల్లాడు పడుకునే గది తలుపులు మూసి ఉంచండి. పక్కబట్టలు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికి మన ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. ముక్కులో నూనె చుక్కలు వేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. మరిగే నీళ్ల గిన్నె ముందు ఆవిరి పట్టించకండి, ఆవిరి వల్ల గురక తగ్గదు, గిన్నె తిరగబడితే ఒళ్లు కాలుతుంది. ముక్కు దిబ్బడ పోగొట్టే చుక్కలు ఐదు రోజులు మించి వాడితే మందు ఆపగానే దిబ్బడ రెట్టింపై తిరిగొస్తుంది. "హాయిగా పడుకుంటాడు" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చే జలుబు సిరప్‌లు మత్తు తెచ్చి గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన సిరప్‌ను నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే 2023 డిసెంబరులో చెప్పింది. నోటికి టేపు అంటించడం లాంటివి పిల్లల దగ్గర అసలే వద్దు, ముక్కు మూసుకున్న పిల్లాడికి నోరే దిక్కు.

ఆపరేషన్

మధ్యస్థం, తీవ్రం అయితే, టాన్సిల్స్ అడినాయిడ్స్ పెద్దవైతే, వాటిని తీసేయడమే మొదటి చికిత్స. ఇక్కడ నిజాయితీగా రెండు వైపులా చెప్పాలి. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల మధ్య పిల్లలు 464 మందితో జరిగిన అధ్యయనంలో, ఏడు నెలల తర్వాత ఆపరేషన్ చేసినవాళ్లలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది. ఆపరేషన్ చేయకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో కూడా 46 శాతం మందికి మామూలైంది. ప్రవర్తన, నిద్ర, రోజువారీ జీవితం ఆపరేషన్ అయినవాళ్లలో బాగా మెరుగుపడ్డాయి. శ్రద్ధను కొలిచే పరీక్షలో తేడా రాలేదు. ఆక్సిజన్ బాగా పడిపోయే తీవ్రమైన కేసులను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు కూడా. అందుకని తేలిక రకం ఉండి, పిల్లాడు బాగా ఎదుగుతూ, చదువుకుంటూ ఉంటే ఆరు నెలలు ఆగి చూడటం బాధ్యత లేకపోవడం కాదు. ఏహెచ్‌ఐ 10 దాటిన పిల్లాడిని "పెద్దయితే అదే పోతుంది" అని ఆపడం మాత్రం గుండెకు, ఎదుగుదలకు ప్రమాదం.

"టాన్సిల్స్ తీస్తే రోగనిరోధక శక్తి పోతుంది కదా" అనే భయం చాలామందికి. నాలుక వెనక, గొంతు చుట్టూ అలాంటి కణజాలం ఇంకా ఉంటుంది, ఆ పని అది చూసుకుంటుంది. అవసరం లేకుండా తీయించకూడదన్నది ఎంత నిజమో, అవసరమైతే భయపడి ఆపకూడదన్నదీ అంతే నిజం.

ఖర్చు విషయంలో, ఎన్టీఆర్ వైద్యసేవ వర్తించే కుటుంబమైతే ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్‌లో ఉండేవాళ్లను ముందే కలిసి, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో పథకం కింద చేస్తారో లేదో అడిగాకే తేదీ ఖాయం చేసుకోండి.

మత్తు డాక్టర్‌కు "వీడికి స్లీప్ ఆప్నియా ఉంది" అని మీ నోటితో చెప్పండి. ఈ పిల్లలకు మత్తుమందులు, గట్టి నొప్పి మందులు మామూలు కన్నా ఎక్కువ పనిచేసి శ్వాసను అణిచేస్తాయి. కదులుతున్న పన్ను, ఈమధ్య వచ్చిన జ్వరం, దగ్గు, ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టకపోవడం కూడా చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు ఆరు గంటలు అన్నం, పాలు ఏవీ ఇవ్వకూడదు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. ఏడుస్తున్నాడని అమ్మమ్మ గుట్టుగా ఇచ్చే గుక్కెడు పాల వల్ల మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

మూడేళ్లలోపు పిల్లలు, ఏహెచ్‌ఐ 10 దాటినవాళ్లు, పరీక్షలో ఆక్సిజన్ 80 లోపుకు పడినవాళ్లు, ఊబకాయం, గుండె జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఆ రాత్రి ఆసుపత్రిలోనే మానిటర్ మీద ఉండాలి. సాయంత్రానికి పంపించేస్తామంటే ఒప్పుకోకండి.

ఇంటికొచ్చాక రెండు వారాలు

నొప్పి ఏడు నుంచి పది రోజులు. మూడు, నాలుగు రోజులకు కాస్త పెరగడం, చెవిపోటు రావడం, గొంతులో తెల్లటి, పసుపుపచ్చని పొర కట్టడం, నోటి వాసన ఇవన్నీ మామూలే. ఆ పొర చీము కాదు, గీకకండి. వాపు వల్ల మొదటి రెండు వారాలు గురక కూడా ఉండొచ్చు, "ఆపరేషన్ ఫెయిలైంది" అని కంగారుపడకండి.

నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. మొదటి మూడు నాలుగు రోజులు ఏడ్చేదాకా ఆగకుండా వేళకు ఇవ్వాలి. సిరప్ బలం చూసుకోవడం ఇక్కడ ప్రాణం. 16 కిలోల పిల్లాడికి 240 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లలో 120 ఉన్న సీసా అయితే అది 10 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లలో 250 ఉన్న సీసా అయితే 5 కన్నా కొంచెం తక్కువ. సీసా మారినప్పుడు కొలత మారకపోతే మందు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. ఐబుప్రొఫెన్ ఇవ్వాలో వద్దో సర్జన్‌నే అడగండి. ఆస్పిరిన్ వద్దు. కోడీన్, ట్రమడాల్ ఉన్న గట్టి నొప్పి మందులు ఈ ఆపరేషన్ తర్వాత 18 ఏళ్లలోపు పిల్లలకు వద్దే వద్దు. కొందరి ఒంట్లో కోడీన్ చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి నిద్రలోనే శ్వాస ఆగిపోతుంది. ఈ ఆపరేషన్ తర్వాత అలా పిల్లలు చనిపోయాకే 2013లో అమెరికాలో హెచ్చరిక వచ్చింది.

తిండి కన్నా తాగడం ముఖ్యం. గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది, నొప్పికి మింగడం మానేస్తాడు, ఇంకా ఎండుతుంది. 16 కిలోల పిల్లాడికి రోజుకు దాదాపు 1,300 మిల్లీలీటర్లు, అంటే 150 పట్టే చిన్న గ్లాసుతో తొమ్మిది. మందు ఇచ్చిన అరగంటకు తాగించండి. చల్లని మజ్జిగ, కొబ్బరినీళ్లు, చల్లార్చిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఐస్‌క్రీం, పాలలో నానబెట్టిన ఇడ్లీ బాగుంటాయి. పుల్లటి రసాలు, వేడివేడి చారు, జంతికలు, చేగోడీలు, ఆవకాయ, గోంగూర, కారప్పొడి రెండు వారాలు దూరం. ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, పెదవులు ఎండి నీరసపడినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తస్రావం గురించి ముందే తెలిసుండాలి. మొదటి 24 గంటల్లో ఒకసారి, మళ్లీ పొర ఊడే ఐదు నుంచి పది రోజుల మధ్య ఇంకోసారి భయం ఉంటుంది. రెండోది నూటికి సుమారు ముగ్గురిలో చూస్తాం. నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే రక్తం మింగుతున్నాడేమో అని లైటు వేసి చూడండి. ఎర్రటి రక్తం చెంచాడు వచ్చినా, కాఫీ పొడి రంగు వాంతి అయినా ఆగకండి. కూర్చోబెట్టి, ముందుకు వంచి, మింగకుండా ఉమ్మించండి. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. 108కి ఫోన్ చేయండి. మాచర్ల, రేపల్లె, నూజివీడు వైపు నుంచి వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆ పది రోజులూ బెజవాడలోనో గుంటూరులోనో బంధువుల ఇంట్లో ఉంటే మంచిది. రెండు గంటల ప్రయాణంలో పిల్లాడు చాలా రక్తం పోగొట్టుకుంటాడు. స్కూలుకు పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాతే.

తర్వాత కూడా మిగిలితే

ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ తెల్లవారుజామున అదే గదిలో, అదే కోణంలో వీడియో తీయండి. పాతదాని పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి. ముందే తీవ్రంగా ఉన్నవాళ్లకు, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు గురక పోయినా స్లీప్ స్టడీ మళ్లీ చేయాలి, వాళ్లలో జబ్బు కొంత మిగిలే అవకాశం ఎక్కువ. బరువు ఎక్కువున్న పిల్లాడికి ఆపరేషన్ సగం చికిత్సే. అంగిలి ఇరుకుగా, ఎత్తుగా ఉన్నవాళ్లకు పళ్ల డాక్టర్ అంగిలిని వెడల్పు చేసే పరికరం పెడతారు.

ఇవన్నీ చాలకపోతే సీప్యాప్. చిన్న మెషిన్ మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా ఆపుతుంది. ఒత్తిడి ఎంతో స్లీప్ స్టడీలో తేల్చాలి, దుకాణంలో పెట్టినదాన్ని అలాగే వాడకూడదు. మొదటి రాత్రే నిద్రపోతున్న పిల్లాడికి మాస్కు తగిలిస్తే జడుసుకుని ఇక దగ్గరికే రానివ్వడు. మొదటి వారం పగలు మాస్కుతో ఆడుకోనివ్వండి, బొమ్మకు పెట్టనివ్వండి. తర్వాత గాలి లేకుండా టీవీ చూస్తూ పది నిమిషాలు. తర్వాత తక్కువ గాలితో మెలకువలో. ఆ తర్వాతే నిద్రలో. మాస్కును రోజూ సబ్బునీళ్లతో కడగాలి. తేమనిచ్చే డబ్బాలో బోరు నీళ్లు పోస్తే తెల్లటి సున్నం కడుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోసి రోజూ మార్చండి. మే నెలలో రాత్రి కరెంటు పోవడం మనకు కొత్తకాదు కాబట్టి మెషిన్‌ను ఇన్వర్టర్ లైనుకే పెట్టించుకోండి. ముక్కు దూలం మీద ఎర్రబడితే పట్టీలు బిగించడం కాదు, మాస్కు సైజు చూడాలి. మొహం పెరుగుతున్న వయసు కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి మాస్కు కొలత, ఒత్తిడి మళ్లీ చూపించుకోవాలి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో మాస్కు నొక్కుడికి పై దవడ ఎదుగుదల తగ్గుతుందేమో పళ్ల డాక్టర్ చేత ఏడాదికోసారి చూపించండి.

ఇంతదాకా చెప్పినదంతా సమయం తీసుకుని చేయాల్సిన పని. కొన్నింటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. పెదవులు, నాలుక నీలం తిరగడం, 20 సెకన్లకు మించి ఊపిరి లేకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, మెలకువలో కూడా డొక్కలు ఎగరేయడం, ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం, పసిబిడ్డ పాలు తాగుతూ తాగుతూ ఊపిరందక వదిలేయడం. నెలల పిల్లల్లో ఐదు పది సెకన్లు ఆగి మళ్లీ వేగంగా ఊపిరి తీయడం మామూలే. రంగు మారితే మాత్రం సెకన్లు లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే బయలుదేరండి.